నిండు జగ్గు

హలో… ఆ, నేనే అన్నయ్యా.

… లేదు, నాకేం కాలేదు. కంగారుపడకు. బాగానే ఉన్నా.

… ఆస్పత్రిలోనే. డయాలసిస్ కుర్చీలో. ఇప్పుడే సూదులు పెట్టి వెళ్లారు, మిషను తిరుగుతోంది. గుర్రుమని వినపడటంలా? అదే.

… ఓహో. నా ఫోన్లోంచి వేరేవాళ్లెవరో మాట్లాడతారనుకున్నావా? అందుకని ఎత్తావా?

… సరేలే. చెల్లెలు పోయిందేమోనన్న భయంతోనైనా ఎత్తావు. అదే పదివేలు.

… ఉండు, ఉండు. "సరే మరి" అంటే ఊరుకోను. వదిన పోయిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు చేశానో నీ ఫోన్‌కే తెలియాలి. మోగి మోగి విసుగొచ్చి అదే ఊరుకునేది. ఇవాళ దొరికావు. మిషను నన్నెలాగూ లేవనివ్వదు. నువ్వూ కాసేపు కదలకుండా కూర్చో.

… కూర్చున్నావా?

… పొద్దున్నే నీ కూతురు చేసింది. … దాన్ని తిట్టకు. తల్లి పోయింది, తండ్రి ఉండీ లేనట్టున్నాడు. ఏం చెయ్యాలో తోచక మేనత్తకి చేసింది. అది కూడా తప్పేనా?

… అన్నీ చెప్పింది. కంచం పెట్టింది పెట్టినట్టే తిరిగొస్తోందని చెప్పింది. సాయంత్రం సంఘ పెద్దలొస్తున్నారని చెప్పింది. నువ్వు ఇక పాస్టరుగా ఉండనని వాళ్లకి చెప్పేసి, మందిరం తాళాలు ఇచ్చేస్తున్నావని చెప్పింది.

… నిజమేనా?

… ఊఁ.

… కాదు, వద్దని చెప్పడానికి చెయ్యలేదు. … ఒట్టు వెయ్యమంటావా? ఒట్లు వెయ్యకూడదని పిల్లలకి చెప్పేది నువ్వే కదా. … పోనీ, నవ్వకపోతే మానెయ్యి. నేనేదో ప్రయత్నం చేశా.

… చెప్పు. వింటున్నా.

…

… అవునన్నయ్యా.

… అవును, సమాధి దగ్గర నేనూ విన్నా. "దేవుడికి తన తోటలో మంచి పువ్వు కావాల్సొచ్చింది, కోసుకున్నాడు" అంది సంఘంలో ఆవిడెవరో. ఆ మాటకి నీ మొహం ఎలా మాడిపోయిందో చూశా. ఆవిడ చెడ్డదేం కాదు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్పింది. … చేత్తో నోరు మూయాలనిపించిందా? … నాకూ అనిపించింది. కానీ సూదులు పెట్టే ఈ చెయ్యి బరువెత్తకూడదన్నారు, అందుకని బతికిపోయింది.

… హమ్మయ్య. అది నవ్వా, దగ్గా? … దగ్గేనా. సరే.

… ఊఁ.

… ప్రార్థనకి మోకాళ్ల మీద కూర్చుంటే ఏమీ రావట్లేదా. … గోడే కనపడుతోందా.

… అర్థమవుతోంది. … లేదు, నిజంగానే అర్థమవుతోంది. ఊరడించడానికి అనట్లేదు.

… అన్నయ్యా, నా కిడ్నీలు పోయాయని తెలిసిన రోజు గుర్తుందా? రిపోర్టు పట్టుకుని బయటికొచ్చి, బస్సెక్కకుండా ఆ బస్టాండు బెంచీ మీదే కూలబడ్డాను. నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చావు. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు, ఒకటి పైకీ ఒకటి కిందకీ. అప్పుడు నేనేమన్నాను?

… చెప్పు, ఏమన్నాను?

… ఆ. "నీ దేవుడికి నేనే దొరికానా" అన్నాను. అంత మంది మధ్యలో, అంత గొంతేసుకుని. మరి నువ్వేమన్నావు?

… ఏమీ అనలేదు. అదే. ఒక్క వాక్యం చెప్పలేదు. ఆయనకో ఉద్దేశం ఉంటుందమ్మా, అని అనలేదు. పక్కన కూర్చున్నావు. బస్సులు వచ్చాయి, పోయాయి. నువ్వు లేవలేదు. ఆ వేళప్పుడు నీకెక్కడో పెళ్లి చేయించే పని కూడా ఉందట, తర్వాత వదిన చెప్పింది, వేరే ఎవర్నో పంపావట.

… నువ్వు ఏం చేశానంటున్నావు గానీ, నేను ఆ సాయంత్రమే మళ్లీ దేవుడితో మాట్లాడాను. తిట్టుకుంటూనేలే. అయినా మాట్లాడాను. నువ్వు అంతసేపు కూర్చోగలిగావంటే, నిన్ను పంపినవాడికి ఇంకా ఎక్కువ ఓపిక ఉంటుందనిపించింది.

… పొగడట్లేదు. జరిగింది చెబుతున్నా.

… ఆగు, ఒక్క నిమిషం. … సిస్టర్, ఆ దుప్పటి కొంచెం కాళ్ల మీదికి… చలేస్తోంది. … థాంక్సమ్మా.

… ఆ, చెప్పు. … రోజూ ఉండే చలేలే. ఒంట్లో రక్తమంతా బయట తిరిగొస్తుంటే చలెయ్యకేం చేస్తుంది. ఇంట్లో కుట్టు మిషనూ మిషనే, ఇదీ మిషనే. అక్కడ దాన్ని నేను తొక్కుతా, ఇక్కడ నన్ను అది తొక్కుతుంది.

… ఎందుకు చెయ్యనూ, బట్టలు కుడుతూనే ఉన్నా. స్కూలు యూనిఫారాలు. నీరసంగా ఉంటే గుండీలు కుట్టుకుంటూ కూర్చుంటా.

… అసలు సంగతి చెప్పనివ్వు. నా పక్క కుర్చీలో ఒక లారీ డ్రైవరు గారున్నారు. … నీకు చెప్పానా? చెప్పలేదేమో. నువ్వింకా నాకు ఫోన్ చేస్తున్న రోజుల్లోనే చేరారు. మనిషి తలుపంత ఉంటారు. ఆ మీసాలు చూస్తే ఎదురొచ్చే బండి పక్కకి తప్పుకోవాల్సిందే. సూది చూస్తే మాత్రం చంటిపిల్లాడు. … మెల్లిగానే మాట్లాడుతున్నాలే. ఆయన ఇప్పుడు నిద్రలో ఉన్నారు.

… వదిన పోయాక, మొదటిసారి ఇక్కడికొచ్చిన రోజు. సూది గుచ్చే వేళకి ఎప్పుడూ నీ ఫోన్ వచ్చేది కదా. నువ్వు ప్రార్థన చేసేవాడివి, నేను కళ్లు మూసుకునేదాన్ని, ఆమేన్ అనేసరికి సూది లోపల ఉండేది. ఆ రోజు ఫోన్ రాలేదు. రాదని తెలుసు. అయినా అలవాటు కొద్దీ ఒళ్లో పెట్టుకు కూర్చున్నా.

… వద్దు, క్షమించమనకు. దాని కోసం చెప్పట్లేదు. తర్వాతది విను.

… ఆ డ్రైవరు గారు నా వైపు చూసి, "మీ ఫోన్ రాలేదేంటమ్మా ఇవాళ" అన్నారు. మా వదిన పోయింది, అన్నయ్య చెయ్యట్లేదు, అన్నాను. అప్పుడాయన అన్నారు కదా, "నాకు మీ ప్రార్థనలూ అవీ తెలీవమ్మా. కానీ ఆ ఫోన్ రాగానే మీ మొహం తేటపడేది. అది చూసి ధైర్యం తెచ్చుకుని నేనూ చెయ్యి చాపేవాణ్ని. ఇవాళ చాపలేకపోతున్నా."

… అవునన్నయ్యా. నీ ఫోన్ మీద ఇద్దరం బతికాం. నీకు ఒకరనే తెలుసు.

… సిస్టరు సూది పట్టుకుని నిలబడింది. "మీకొచ్చిన నాలుగు ముక్కలు మీరే అనండమ్మా, మనిద్దరికీ కలిపి" అన్నారు ఆయన. నేనెప్పుడన్నా నలుగురిలో గట్టిగా ప్రార్థన చేశానా? మందిరంలో స్త్రీల ప్రార్థన కూడికలో నా వంతు వస్తోందంటే బయటికెళ్లి చెప్పులు సర్దేదాన్ని. వదిన నన్ను ఎన్నిసార్లు వేళాకోళం చేసిందో.

… చేశాను. … ఆ, నేనే. గట్టిగానే. సిస్టరు కూడా కళ్లు మూసుకుంది, సూది చేతిలో పెట్టుకుని కళ్లు మూసుకోకు తల్లీ అన్నాను.

… నాకు సొంతంగా ఏం మాటలొస్తాయి? నీ మాటలు పెద్దవి, నాకు నోరు తిరగదు. వదిన అన్న మాటలు అన్నాను. ఆవిడ ఆఖర్న చేసిన ప్రార్థన.

…

… అవును. వదిన చేసింది.

… అప్పుడు నువ్వు గదిలో లేవు.

… అన్నయ్యా, అది చెప్పడానికే ఇన్నాళ్లూ ఫోన్ చేస్తున్నాను.

… వదినకి ఆఖరిసారి స్పృహ ఉన్న ఆ మధ్యాహ్నమే. వదిన మంచం కిటికీ పక్కకి జరిపాం, వెలుతురు కావాలందని. నువ్వు కాళ్ల దగ్గర కూర్చున్నావు, నేను తలవైపు. నీ చెయ్యి పట్టుకుని అడిగింది కదా, "ఒక్కసారి ప్రార్థన చెయ్యండి" అని.

… తెలుసు. నాకు తెలుసు.

… ఆగు. ఆ మాటనకు. "అడిగిన ఆఖరి కోరిక కాదన్నాను" అని నీకు నువ్వే తీర్పు చెప్పుకుంటున్నావు. ఏం జరిగిందో పూర్తిగా విను ముందు.

… నువ్వు నోరు తెరిచావు. "ప్రభువా" అన్నావు. ఇక రాలేదు. లేచావు. బల్ల మీద జగ్గు తీసుకుని, "నీళ్లు పట్టుకొస్తా" అని బయటికెళ్లిపోయావు.

… ఆ జగ్గు నిండా నీళ్లున్నాయి అన్నయ్యా.

… నువ్వు చూసుకోలేదు. నిండు జగ్గు పట్టుకెళ్లావు. గుమ్మం దగ్గర తొణికి నీ పంచె తడిసింది, అదీ చూసుకోలేదు. మేమిద్దరం చూశాం.

…

… ఉన్నావా?

… వదిన నవ్వింది. నిజంగా. ఆవిడ నవ్వి ఎన్నాళ్లయిందో. "చూశావా, నిండు జగ్గు పట్టుకెళ్లారు మీ అన్నయ్య" అంది. నాకేమో ఏడుపొస్తోంది. "పాపం, ఆయన వల్ల కావట్లేదు. నేను అడక్కుండా ఉండాల్సింది" అంది.

… లేదు. కోపం కాదు. ఇంత కూడా లేదు. నేను ఆవిడ మొహం మీద మొహం పెట్టి చూశాను కదా, నాకు తెలీదూ?

… అప్పుడు నన్ను చేయమంటుందేమోనని భయపడ్డాను. చెయ్యమనలేదు. నా చెయ్యి పట్టుకుని తనే చేసింది. తన కోసం కాదు. నొప్పి తగ్గించమని లేదు, ఇంకొన్నాళ్లు ఉంచమని లేదు. నీ కోసం చేసింది.

… చెబుతా. ఆవిడ అన్నట్టే చెబుతా, ఒక్క మాట కలపను.

… "ప్రభువా, ఈయన అలిసిపోయారు. ఇన్నేళ్లూ అందర్నీ నీ దగ్గరికి మోసుకొచ్చారు. ఇప్పుడు ఈయన్ని మోసేవాళ్లు లేరు. నువ్వే వచ్చి ఎత్తుకో. మాట రాకపోతే రానీ. బలవంతం చెయ్యకు."

…

…

… అంతే. ఆమేన్ కూడా అనలేదు. ఆయాసం వచ్చేసింది. నువ్వు తిరిగొచ్చేసరికి కళ్లు మూసుకుంది. నువ్వు నిద్రపోయిందనుకున్నావు. నిద్ర కాదు. నిన్ను మళ్లీ ఇబ్బంది పెట్టకూడదని అలా పడుకుంది. ఆ తర్వాత నిజంగానే స్పృహ తప్పింది. ఇక మెలకువ రాలేదు.

… వెంటనే ఎందుకు చెప్పలేదంటే, నువ్వు తిరిగొచ్చే లోపు, ఆయాసం కాస్త తగ్గగానే, ఆవిడే వద్దంది. "ఇప్పుడు చెబితే ఇక్కడే కూలిపోతారు, నేను చూడలేను. నేను పోయాక, నెమ్మది మీద చెప్పు" అంది. నెమ్మది మీద చెబుదామంటే నువ్వు ఫోన్ ఎత్తితేగా. ఇంటికొచ్చి చెబుదామంటే ఈ మిషనుకీ మంచానికీ మధ్య నాకు ఒక రోజు ఓపికుంటే ఒక రోజు ఉండదు. ఓ రోజు వచ్చాను కూడా. నువ్వు గదిలోంచి "పడుకున్నానమ్మా" అన్నావు. నిద్రపోయేవాడు అంత స్పష్టంగా చెబుతాడా?

… మళ్లీ చెప్పాలా? … ఆ. "మాట రాకపోతే రానీ, బలవంతం చెయ్యకు."

… ఆ. దేవుడితోనే అంది. మనిద్దరికీ చెప్పినట్టు ఆయనకీ చెప్పింది. వదిన సంగతి తెలుసుగా.

… ఊఁ…

… ఊఁ.

… ఆగన్నయ్యా, ఆగు… అబ్బా… పిక్క పట్టేసింది. సిస్టర్… ఇటు, ఎడమ కాలు. … ఆ, కుర్చీ వెనక్కి వాల్చండి.

…

… ఉన్నా, ఉన్నా. ఏం లేదు. మిషను ఒంట్లో నీళ్లు ఎక్కువ లాగేస్తే కండలు మెలి తిరుగుతాయి. బీపీ కూడా కొంచెం పడింది. సెలైన్ ఎక్కిస్తున్నారు. … వద్దు, రావద్దు. ఇది మామూలే. నిన్న దాహం ఆపుకోలేక ఎక్కువ తాగాను, దానికి శిక్ష.

… తగ్గుతోంది.

… నిజం చెప్పమంటావా? అంత బాగా ఏం లేను. సూదులు గుచ్చే ఈ చేతి నరం మూసుకుపోతోందట. రెండో చేతికి మళ్లీ ఆపరేషన్ చెయ్యాలన్నారు. … నీకెలా తెలుస్తుంది? చెప్పలేదుగా. … నిన్ను దెప్పడానికి కాదు. నువ్వు అడిగావు కాబట్టి చెప్పాను.

… భయమా? ఉంది. ఆ ఆపరేషన్ కుదిరితే కుదురుతుంది, లేకపోతే లేదు. అది కుదరకపోతే ఇంకేం చేస్తారో డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు.

… ఎలా వస్తున్నానంటే, వస్తున్నాను, అంతే. పొద్దున్నే లేచి, "ఇవాళొక్కటి దాటించు" అంటాను. సాయంత్రం ఇల్లు చేరాక, "దాటించావు" అంటాను. అంతకు మించి నా దగ్గరేం విశ్వాసం లేదన్నయ్యా. పెద్ద కొండలు కదిలించేది కాదు. మెట్లెక్కించేది. అది మాత్రం ఉంది. ఇంతవరకు నన్నొదిలిపెట్టలేదు.

… నువ్వేం నేర్పలేదంటావేంటి. నువ్వూ వదినా కాక ఎవరు నేర్పారు?

…

… సాయంత్రం సంగతా? తాళాలు ఇవ్వాలనుంటే ఇచ్చెయ్యి. నేను అడ్డు చెప్పనన్నాను, చెప్పను. ఒక్కటి అడుగుతా. ఇన్నేళ్లలో ఆ పెద్దల్లో ఒక్కరి చేతన్నా నీ తల మీద చెయ్యి పెట్టించుకుని ప్రార్థన చేయించుకున్నావా?

… చూశావా. ఎప్పుడూ నీ చెయ్యే వాళ్ల తల మీద.

… వాళ్లేమనుకుంటారు? అనుకోనీ. అయ్యగారికి కూడా మోకాళ్లు నొప్పిపెడతాయని తెలుస్తుంది. యేసు ప్రభువే స్నేహితుడి సమాధి దగ్గర నిలబడి ఏడ్చాడని నువ్వే ఎన్నోసార్లు చెప్పావు. అప్పుడు ఆయన ఉద్యోగం మానేస్తానన్నాడా?

… తాళాలిచ్చే ముందు ఒక్క మాట చెప్పు వాళ్లకి. "నాకు ప్రార్థన రావట్లేదు, మీరు చెయ్యండి" అను. అంతే. ఆ తర్వాత కూడా ఇవ్వాలనిపిస్తే ఇచ్చెయ్యి.

… ఆలోచిస్తావా. సరే. దానికే సంతోషం.

… ఈ ఆదివారం వాక్యం చెప్పకు. వెనక బెంచీలో కూర్చో. నేనొచ్చి పక్కన కూర్చుంటా. … ఆదివారం మిషను లేదుగా, వస్తా. పాట వస్తే పాడు, లేకపోతే వాళ్లు పాడుతుంటే విను. ఎప్పుడూ ముందు నిలబడే వాడివి, మన సంఘం వెనక నుంచి ఎలా ఉంటుందో చూడొద్దూ?

… ఎవరు పిలుస్తున్నారు? … నీ కూతురేనా? ఏమంటోంది?

… కాస్త తినమంటోందా. … మళ్లీ "తర్వాత" అనకు. అది అక్కడే నిలబడి ఉంది కదా, దాని మొహం చూసి మాట్లాడు. అదీ తల్లిని పోగొట్టుకుంది కదా, పోగొట్టుకున్నది నువ్వొక్కడివే కాదు. … ఆ జగ్గు సంగతి దానికి కూడా చెప్పు. దానికీ తెలియాలి.

… నేను ఉంటాలే. ఫోన్ పక్కన పెట్టి మాట్లాడు.

…

…

… అన్నయ్యా?

…

… హలో?

…

… అయ్యో డ్రైవరు గారూ, మిమ్మల్ని లేపేశానా? … లేదండీ, అన్నయ్య లైన్లోనే ఉన్నాడు. మంచం మీద పెట్టినట్టున్నాడు ఫోను. వినపడుతోంది.

… కాదండీ, చెడు కబురేం కాదు. … ఏడుస్తున్నాడు. కూతురి ముందు. … ఊఁ, వదిన పోయాక ఇదే మొదలు. సమాధి దగ్గర కూడా రాయిలా నిలబడ్డాడు.

… ఆ పిల్ల కూడా ఏడుస్తోంది. … అమ్మా అమ్మా అంటోంది. అన్నయ్యేమో… ఏమంటున్నాడో తెలియట్లేదు.

… మీరెందుకండీ కళ్లు తుడుచుకోవడం. ఆ చెయ్యి కదపకండి, సూది ఉంది.

…

… పెట్టేస్తున్నా. వాళ్లిద్దరి మధ్య ఇక నేనెందుకు.